ఇన్సులిన్ మొదలెట్టాక చూపు మసకబారితే: పర్లాకిమిడి అన్నకు సమాధానం

అన్నా, ఇన్సులిన్ మొదలెట్టిన మూడు వారాలకే అమ్మగారికి చూపు మసకబారిందని, బజార్లో కొత్త అద్దాలు చేయించినా కుదరట్లేదని రాశారు. ఇన్సులిన్ మాత్రం ఆపకండి. షుగర్ 400 నుంచి 150కి దిగితే కంటి లెన్సులో నీటి శాతం మారి పవర్ తేడా వస్తుంది. షుగర్ నిలకడగా ఉన్న నాలుగు నుంచి ఆరు వారాల తర్వాతే అద్దాలకు కొలత తీయించండి. అప్పటిదాకా పాతవే చాలు.

రెటీనా (కంటి వెనక ఉండే, చూపునిచ్చే పొర) పరీక్షకు మాత్రం ఆగొద్దు, ఈ వారమే చేయించండి. షుగర్ వేగంగా దిగినప్పుడు పాత రెటినోపతీ, అంటే షుగర్ వల్ల రెటీనాకొచ్చే జబ్బు, కొన్నాళ్లు ముదరొచ్చు. అద్దాల షాపు మిషను పవరే చూపిస్తుంది, రెటీనాను కాదు. బరంపురం ఎంకేసీజీ ప్రభుత్వాసుపత్రికి వెళ్తే కంట్లో చుక్కల మందు వేసి చూడమని అడగండి. కంటిపాప విచ్చుకోవడానికి అరగంట, మసక తగ్గడానికి నాలుగైదు గంటలు పడుతుంది. తోడుగా ఒకరుండాలి, ఎండకు నల్లద్దాలు ఉంచండి. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు), బీపీ, కిడ్నీ రిపోర్టులు పట్టుకెళ్లండి. లోపం లేకపోయినా ఏటా ఒకసారి చూపించాలి.

ఒక్కసారిగా నల్ల చుక్కలు తేలినా, మెరుపులు కనిపించినా, తెర అడ్డం పడినట్టున్నా, ఒక కన్ను చీకటైనా అదే రోజు బయల్దేరండి. నొప్పి లేదుగదా అని ఆగొద్దు. రెటీనాలో రక్తం చిమ్మినా నొప్పి తెలీదు.