స్లీవ్ సర్జరీ తర్వాత వికారం తగ్గడం లేదు, గ్లూకోజ్ ఎక్కించుకోవచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 38. అనంతపురంలో టీచర్‌గా పనిచేస్తున్నాను. బరువు 112 కిలోలు ఉండడం, ఏడేళ్లుగా షుగర్ ఉండడంతో బెంగళూరులో జీర్ణాశయాన్ని చిన్నది చేసే స్లీవ్ సర్జరీ చేయించుకున్నాను. నేటికి 12 రోజులైంది. ఇంటికి వచ్చినప్పటి నుంచి ఒకటే వికారం. నీళ్లు తాగినా ఛాతీ మధ్యలో పట్టేసినట్టు ఉండి, రోజుకు రెండు మూడు సార్లు తెల్లటి నురగలా వాంతి అవుతోంది. జ్వరం లేదు. తాలింపు వాసన అసలు పడడం లేదు. సంగటి తినకపోతే ఒంటికి బలం రాదని మా అత్తగారు అంటున్నారు. రెండు గ్లూకోజ్ బాటిళ్లు ఎక్కిస్తే అంతా సర్దుకుంటుందని మా వీధిలోని ఆర్‌ఎంపీ గారు చెబుతున్నారు. ఎక్కించుకోవచ్చా? షుగర్ మాత్రలు మునుపటిలాగే వేసుకోవాలా? మళ్లీ స్కూలుకు ఎప్పుడు వెళ్లవచ్చు?
ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: అమ్మా, గ్లూకోజ్ సంగతి ముందు చెబుతాను. విటమిన్ బి1, అంటే థయామిన్, ఇంజెక్షన్ రూపంలో ముందుగా ఇవ్వకుండా మీరు గ్లూకోజ్ బాటిల్ ఎక్కించుకోకూడదు. మన శరీరంలో ఉండే థయామిన్ నిల్వ రెండు మూడు వారాలకు మించి రాదు. ఆపరేషన్‌కు ముందు కాలేయం పరిమాణం తగ్గడం కోసం సాధారణంగా కొన్నాళ్లు తక్కువ కేలరీల ఆహారం మీద ఉంచుతారు. ఆ తర్వాత ఈ 12 రోజులూ మీరు తీసుకున్నది ద్రవాలే, అందులోనూ కొంత వాంతుల్లో పోయింది. అంటే నిల్వ అడుగంటే సమయం ఇదే. గ్లూకోజ్‌ను శరీరం వాడుకోవాలంటే థయామిన్ కావాలి కాబట్టి, బాటిల్ నిండా గ్లూకోజ్ నేరుగా రక్తంలోకి వెళ్తే మిగిలిన కాస్త థయామిన్ కూడా ఖర్చయిపోయి, వెర్నికే ఎన్‌సెఫలోపతి అనే మెదడు జబ్బు రావచ్చు. ఒకటి రెండుగా కనిపించడం, కనుగుడ్లు అదురుతున్నట్టు కదలడం, నడుస్తుంటే తూలడం, మాటల్లో పొంతన లేకపోవడం దాని లక్షణాలు. వెంటనే థయామిన్ ఇంజెక్షన్లు పడితే చాలామంది కోలుకుంటారు. ఆలస్యమైతే జ్ఞాపకశక్తి, నడక శాశ్వతంగా దెబ్బతింటాయి. మన జిల్లాల్లో నీరసమంటే చాలు, గ్లూకోజ్ ఎక్కించుకోవడం అలవాటుగా మారింది. ఆర్‌ఎంపీ గారు మీ మేలు కోరే చెప్పి ఉంటారు గానీ, బేరియాట్రిక్ సర్జరీ, అంటే బరువు తగ్గించే ఆపరేషన్, అయిన మనిషి విషయంలో ఆ అలవాటు ప్రమాదకరం. ఒంట్లో నీరు తగ్గి బాటిల్ ఎక్కించక తప్పని పరిస్థితి వస్తే సెలైన్, అంటే గ్లూకోజ్ లేని ఉప్పునీటి బాటిల్, ఎక్కించవచ్చు. అది కూడా ఆసుపత్రిలో, థయామిన్ ఇచ్చి, రక్తంలో సోడియం, పొటాషియం చూసుకుని ఎక్కించాలి.

రెండోది షుగర్ మాత్రల విషయం. ఇది కూడా ఈ రోజే తేల్చుకోవాలి. స్లీవ్ సర్జరీ తర్వాత బరువు తగ్గడం మొదలయ్యేలోపే, కొన్ని రోజుల్లోనే, షుగర్ బాగా దిగివస్తుంది. మీరు తింటున్నది కూడా చాలా తక్కువ. ఇలాంటప్పుడు గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు పాత మోతాదులోనే వేసుకుంటే షుగర్ మరీ పడిపోయి చెమటలు, వణుకు, కళ్లు తిరగడం వస్తాయి. వాటిని వికారంతో వచ్చిన నీరసమే అనుకుని వదిలేసే ప్రమాదం ఉంది. ఇక మీ మాత్రల్లో డాపాగ్లిఫ్లోజిన్ గానీ, ఎంపాగ్లిఫ్లోజిన్ గానీ ఉంటే, వాంతులవుతూ ఆహారం సరిగా పడని రోజుల్లో వాటిని ఆపి ఉంచాలి. ఎందుకంటే ఈ మందుల వల్ల, మీటర్‌లో షుగర్ పెద్దగా ఎక్కువ కనిపించకపోయినా, రక్తంలో కీటోన్లు అనే ఆమ్లాలు పేరుకుపోయే స్థితి రావచ్చు. దాని మొదటి లక్షణాలు వికారం, వాంతులు, కడుపునొప్పి, ఆయాసమే. మెట్‌ఫార్మిన్ వల్ల కూడా కొందరికి వికారం ఎక్కువవుతుంది. మీరు ఏ మాత్రలు వాడుతున్నారో రాయలేదు కాబట్టి ఏది ఆపాలో, ఏది కొనసాగించాలో ఇక్కడి నుంచి చెప్పడం సరికాదు. మాత్రల పేర్లన్నీ చూసి మీ సర్జన్‌కో, షుగర్ డాక్టర్‌కో ఈ రోజే ఫోన్ చేయండి. రోజుకు కనీసం మూడుసార్లు మీటర్‌తో షుగర్ చూసుకుంటూ, ఆ అంకెలు రాసిపెట్టుకోండి. బీపీ మాత్రలు కూడా వాడుతుంటే వాటి సంగతీ అడగండి. మూత్రం ఎక్కువగా పోయేలా చేసే బీపీ మాత్రలు ఇప్పుడు ఒంట్లోని నీటిని ఇంకా తగ్గిస్తాయి.

ఇక వికారం ఎందుకు వస్తోందో చూద్దాం. స్లీవ్ సర్జరీలో జీర్ణాశయంలో దాదాపు 75 నుంచి 80 శాతం భాగాన్ని తీసేస్తారు. మిగిలేది అరటిపండులాంటి సన్నని గొట్టం. దానిలో పట్టేది 100 నుంచి 150 మిల్లీలీటర్లు. తీసేసిన భాగమే సాగే గుణం ఉన్న భాగం కాబట్టి, మిగిలిన గొట్టం మునుపటిలా వచ్చినదాన్నంతా తనలో ఇముడ్చుకోలేదు. పైగా కుట్లు వేసిన అంచు పొడవునా వాపు ఉంటుంది, అది తగ్గడానికి కొన్ని వారాలు పడుతుంది. అందుకే మామూలు గుక్కెడు నీళ్లు కూడా లోపల ఒత్తిడి పెంచి, ఛాతీ మధ్యలో పట్టేసినట్టు అనిపిస్తాయి. మీరు చెప్పిన తెల్లటి నురగ సాధారణంగా లాలాజలం, జిగురే. దిగాల్సింది దిగకుండా నిలిచిపోయినప్పుడు నోట్లో లాలాజలం విపరీతంగా ఊరి, అదే పైకి వస్తుంది.

ఈ కొత్త జీర్ణాశయం 'ఇక చాలు' అని చెప్పే తీరు కూడా మారింది. వెనకటిలా కడుపు నిండిన తృప్తి కోసం ఎదురుచూడకండి. ఛాతీ ఎముక కింద చిన్న ఒత్తిడి, ఒక ఎక్కిలి, ఉన్నట్టుండి ముక్కు కారడం, నోట్లో నీళ్లూరడం, వీటిలో ఏది కనిపించినా ఆ క్షణమే ఆపేయాలి. 'ఇంకొక్క చెంచాయే కదా' అని తాగిన ఆ ఒక్క చెంచాతోనే చాలామందికి వాంతి అవుతుంది. ఆపాక పడుకోకుండా, వీపు నిటారుగా పెట్టి కూర్చోవడమో, ఇంట్లోనే నెమ్మదిగా నాలుగు అడుగులు వేయడమో చేస్తే ఆ ఒత్తిడి దానంతట అదే దిగిపోతుంది.

నీళ్లు తాగే పద్ధతి మార్చుకుంటే మీ ఇబ్బందిలో పెద్ద భాగం తగ్గుతుందని నా నమ్మకం. ఇంట్లో 30 మిల్లీలీటర్ల గుర్తున్న చిన్న మందు కప్పు ఒకటి పెట్టుకోండి. ఆ కప్పుడు నీళ్లను ఒక్కసారిగా గొంతులో పోసుకోకుండా, చెంచాడు చెంచాడుగా పావుగంటలో పూర్తి చేయండి. వెంటనే మరో కప్పు మొదలుపెట్టండి. గంటకు నాలుగు కప్పులంటే 120 మిల్లీలీటర్లు, మెలకువగా ఉండే 14 గంటల్లో 1,680 మిల్లీలీటర్లు అవుతుంది. రోజుకు ఒకటిన్నర నుంచి రెండు లీటర్ల ద్రవాలు వెళ్లాలన్న లక్ష్యం ఇలా చేరుతుంది. దాహమయ్యేదాకా ఆగి గ్లాసుడు తాగే అలవాటు ఇప్పుడు పనికిరాదు. ఎండలు 40 డిగ్రీలు దాటే అనంతపురంలో ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే ఒంట్లో నీరు తగ్గడమే వికారానికి కారణమవుతుంది, వికారం వల్ల మనిషి ఇంకా తక్కువ తాగుతాడు, ఈ రెండూ ఒకదాన్నొకటి పెంచుకుంటూ పోతాయి. మూత్రం లేత పసుపు రంగులో ఉంటే తాగుతున్నది సరిపోతున్నట్టు, ముదురు రంగులో ఉంటే చాలడం లేదన్నట్టు. కొందరికి మరీ చల్లటి నీళ్లు పట్టేసినట్టు అనిపిస్తాయి, కొందరికి గోరువెచ్చటివి పడవు. మీకు ఏది పడుతుందో చూసుకోండి. ఓఆర్‌ఎస్, కారం లేని పల్చటి మజ్జిగ, కొద్దిగా కొబ్బరినీళ్లు, చిటికెడు శొంఠి వేసి మరిగించి వడకట్టిన నీళ్లు తీసుకోవచ్చు. సోడా, కూల్‌డ్రింకులు, చెరకురసం వద్దు. స్ట్రా కూడా వద్దు, దానితో గాలి లోపలికి పోతుంది.

సంగటి విషయంలో మీ అత్తగారి ఆదుర్దా నాకు అర్థమవుతోంది. కానీ సంగటిని మనం నమలం. ముద్దను పులుసులోనో పప్పులోనో అద్ది మింగేస్తాం. కుట్లు మానుతున్న సన్నని గొట్టంలోకి అలాంటి ముద్ద వెళ్తే అక్కడే నిలిచిపోతుంది. జొన్నరొట్టె కూడా అంతే. 12వ రోజున మీరు ఇంకా పూర్తి ద్రవాహారం దశలోనే ఉన్నారు. సాధారణంగా మూడో వారం నుంచి మెత్తగా రుబ్బినవి, ఐదో వారం నుంచి మెత్తటి ఘనాహారం, రెండు నెలలు నిండాక మామూలు భోజనం మొదలవుతాయి. మీ ఆసుపత్రివాళ్లు ఇచ్చిన పట్టికలో వారాలు కాస్త అటూ ఇటూ ఉంటే దాన్నే పాటించండి. వికారం తగ్గకుండా మాత్రం తర్వాతి దశకు వెళ్లవద్దు. రాగులే కావాలనుకుంటే పిండిని పల్చగా జావ కాచి, వడకట్టి, మజ్జిగ కలిపి తాగండి. అయితే బలం కోసం రాగిజావ మీద, పప్పుకట్టు మీద ఆధారపడితే చాలదు. మీకు కావలసింది రోజుకు 60 గ్రాములకు తగ్గని ప్రొటీన్, వీటిలో ఉండేది చాలా తక్కువ. అందుకే ప్రొటీన్ పొడి రాస్తారు. దాని తీపికే వికారం వస్తుంటే, రుచి కలపని పొడి తెచ్చుకుని చల్లారిన పప్పుకట్టులోనో మజ్జిగలోనో కలపండి. పొగలు కక్కే వేడిలో కలిపితే పొడి ఉండలు కట్టేస్తుంది. పాలతో కడుపు ఉబ్బరిస్తుంటే లాక్టోజ్ (పాలలోని చక్కెర) తక్కువగా ఉండే, పాల విరుగుడు నుంచి తీసిన 'వే ఐసోలేట్' రకాన్ని గానీ, సోయా పొడిని గానీ అడిగి తీసుకోండి. ఈ వారం మాత్రం ముందు నీళ్లు, ఆ తర్వాతే ప్రొటీన్. రెండింటినీ ఒకేసారి సాధించాలని ఆందోళన పడవద్దు.

వాసనలు పడకపోవడం చాలామందికి ఉంటుంది, కొన్ని వారాల్లో తగ్గిపోతుంది. అంతవరకు తాలింపు వేసే సమయంలో మీరు వేరే గదిలో ఉండేలా ఇంట్లోవాళ్లకు చెప్పండి. మీకు ఇచ్చేవాటిని చల్లార్చి ఇస్తే వాసన తక్కువగా వస్తుంది.

మందుల వల్ల కూడా వికారం వస్తుంది కాబట్టి డిశ్చార్జ్ కాగితం ఒకసారి తీసి చూడండి. నొప్పికి ట్రామడాల్ ఇచ్చి ఉంటే అది వికారానికి పేరుపడ్డ మందు. నొప్పి భరించగలిగేలా ఉంటే దాని బదులు పారాసిటమాల్ సరిపోతుందేమో మీ సర్జన్‌ను అడగండి. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఇబుప్రోఫెన్ వంటివి షాపులో అడిగి తెచ్చుకుని వేసుకోవద్దు, అవి కుట్ల దగ్గర పుండు చేస్తాయి. మల్టీవిటమిన్‌ను పరగడుపున కాకుండా నాలుగు చెంచాల జావ తర్వాత, ఐరన్‌ను రాత్రిపూట వేసుకుంటే వికారం తక్కువగా ఉంటుంది. ఐరన్‌కూ కాల్షియంకూ మధ్య రెండు గంటల ఎడం ఉంచండి. ఎసిడిటీ మాత్రను మాత్రం మానవద్దు. వాంతులకు నాలుక మీద కరిగే ఆన్‌డాన్‌సెట్రాన్ మాత్రను డాక్టర్ రాసిస్తే వాడవచ్చు. దానితో మలబద్ధకం వస్తుంది, మలబద్ధకంతోనూ వికారం పెరుగుతుంది కాబట్టి ఆ సంగతి కూడా చెప్పండి. పెద్ద మాత్రలను నలిపి వేసుకోవచ్చు గానీ, నెమ్మదిగా కరిగేలా తయారైన మాత్రలను నలపకూడదు. ఏది ఏ రకమో ఫార్మసిస్టును అడిగి తెలుసుకోండి.

ఇంతవరకు చెప్పినవి ఇంట్లో చేసుకోగలిగినవి. కానీ 12వ రోజున కూడా రోజుకు మూడుసార్లు వాంతి అవుతోందంటే, జ్వరం లేకపోయినా, రేపటిలోగా ఒక ఫిజీషియన్‌కో సర్జన్‌కో నేరుగా చూపించుకోవాలని నా అభిప్రాయం. థయామిన్ ఇంజెక్షన్, కిడ్నీ పరీక్ష, సోడియం, పొటాషియం, కీటోన్ల పరీక్షలు అనంతపురంలోనే చేయించుకోవచ్చు. గొట్టం మధ్యలో ఎక్కడైనా ఇరుకైందా అన్న అనుమానం వస్తే ఎండోస్కోపీ గానీ, మందు తాగించి తీసే ఎక్స్‌రే గానీ అవసరమవుతుంది. దాన్ని మీ సర్జన్ నిర్ణయిస్తారు.

కర్నూలు నుంచి హైదరాబాద్‌కు, అనంతపురం, కడప నుంచి బెంగళూరుకు వెళ్లి ఆపరేషన్ చేయించుకుని, మూడు నాలుగు రోజులకే ఇంటికి చేరేవాళ్లందరికీ ఉండే చిక్కు, సర్జన్ 200 కిలోమీటర్ల దూరంలో ఉండడమే. కాబట్టి ఆగకూడని సందర్భాలేమిటో ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి. కూర్చుని విశ్రాంతిగా ఉన్నప్పుడు మణికట్టు దగ్గర నిండు నిమిషం పాటు నాడి లెక్కపెట్టండి. అది 120కి పైనే నిలిచి ఉంటే, కుట్ల దగ్గర లీకేజీ ఉందేమో వెంటనే చూడాలి. ఒక్కోసారి జ్వరం, నొప్పి కంటే ముందు నాడి వేగమే దాన్ని పట్టిస్తుంది. జ్వరం 100.4 డిగ్రీలు దాటినా, కడుపునొప్పి తగ్గాల్సింది పోయి పెరుగుతున్నా, ఎడమ భుజంలో నొప్పి, ఆయాసం, ఒక పిక్కలో వాపు వచ్చినా, 12 గంటలుగా నీళ్లు కూడా నిలవకపోయినా, ఎనిమిది గంటలుగా మూత్రం రాకపోయినా, వాంతిలో రక్తం కనిపించినా, ఒకటి రెండుగా కనిపించినా, నడక తూలినా మరి ఆలోచించవద్దు. బెంగళూరు వెళ్లాలని కారెక్కి నాలుగు గంటల ప్రయాణం పెట్టుకోకుండా, 108కి ఫోన్ చేసి ముందుగా అనంతపురంలోనే సీటీ స్కాన్ సౌకర్యం ఉన్న ఆసుపత్రికి చేరుకోండి. అక్కడి డాక్టర్ చేత మీ సర్జన్‌తో ఫోన్‌లో మాట్లాడించండి. ఇది స్లీవ్ సర్జరీ అయిన జీర్ణాశయమని, ముక్కులోంచి గొట్టం వేయాల్సి వస్తే మీ సర్జన్‌తో మాట్లాడకుండా వేయవద్దని మీవాళ్లు ముందే చెప్పాలి. డిశ్చార్జ్ కాగితాన్ని ఫొటో తీసి మీ వారి ఫోన్‌లో కూడా ఉంచండి.

స్కూలు విషయానికి వస్తే, వాంతులు ఆగి, రోజుకు ఒకటిన్నర లీటర్ల ద్రవాలు ఇబ్బంది లేకుండా నిలుస్తున్నప్పుడు, చాలామంది మూడు నాలుగు వారాలకు పనిలోకి వెళ్లగలుగుతారు. ఆరు వారాల వరకు నీళ్ల బిందె ఎత్తడం, పుస్తకాల కట్టలు మోయడం వద్దు. పాఠం చెప్పేటప్పుడు నీళ్ల సీసా బల్ల మీదే పెట్టుకుని, మధ్యమధ్యలో ఆగి చిన్న గుక్క తాగడానికి పిల్లల ముందు మొహమాటపడకండి.