శాస్త్రవేత్తల మాట దేశాలు వింటాయా? ఒక ఫ్రిజ్ మెకానిక్ జవాబు

‘దేశాల మధ్య చర్చల్లో శాస్త్రవేత్తల సలహాకు నిజంగా విలువుంటుందా, చివరికి అంతా రాజకీయమేనా?’ అని అడిగారు. నేను విజయనగరంలో గంటస్తంభం దగ్గర ఫ్రిజ్‌లు, ఏసీలు రిపేర్ చేస్తాను. దౌత్యం నాకేం తెలుసంటారేమో. ఆ చర్చల్లో తేల్చిందే నా కొట్లో సిలిండర్ మీద రాసుంటుంది మరి.

నేను పని నేర్చుకునేటప్పుడు ఫ్రిజ్ అంటే ఆర్-12 గ్యాసే. రిపేరుకొస్తే మిగిలిన గ్యాసు బుస్సున బయటికి వదిలేసి కొత్తది ఎక్కించేవాళ్లం. అదెక్కడికి పోతుందని మా గురువు గారూ అడగలేదు, నేనూ అడగలేదు.

అలాంటి వాయువులు పైకెళ్లి ఓజోన్ పొరను తినేస్తాయని మొలీనా, రోలండ్ అనే శాస్త్రవేత్తలు 1974లోనే రాశారు. తయారు చేసే కంపెనీలు కొట్టిపారేశాయి. 1985లో బ్రిటిష్ శాస్త్రవేత్తలు అంటార్కిటికా మీద ఓజోన్ ఎంత పలచబడిందో కొలిచి చూపించాక కదలిక వచ్చింది. ఆ వాయువుల వాడకం తగ్గించాలని 1987 సెప్టెంబరు 16న దేశాల మధ్య మాంట్రియల్ ఒప్పందం కుదిరింది.

అయితే సైన్స్ గెలిచిందంటే నేను సగమే ఒప్పుకుంటాను. మన దేశం వెంటనే చేరలేదు. పాడుచేసింది ధనిక దేశాలు, ఖర్చు మేమెందుకు పెట్టుకోవాలన్నారు మనవాళ్లు. న్యాయమే కదా! 1990లో లండన్‌లో వర్ధమాన దేశాల కోసం నిధి పెట్టడానికి ఒప్పుకున్నాకే, 1992లో మనం చేరాం. ఆకాశంలో ఏం జరుగుతోందో శాస్త్రవేత్త చెప్పగలడు గానీ, డబ్బు ఎవరు కట్టాలో తేల్చాల్సింది బేరం ఆడేవాళ్లే.

ఈ ఒప్పందంలో నాకు నచ్చింది ఇంకోటుంది. ఓజోన్ పరిస్థితి చూసే కమిటీతో పాటు, ఆ గ్యాసు బదులు ఏది వాడొచ్చు, ఎంతవుతుంది అని చూసే నిపుణుల కమిటీ కూడా పెట్టారు. ‘వద్దు’ అని ఊరుకుంటే మాబోటివాళ్లం ఏం చేస్తాం?

ఆ ‘బదులు’ నన్నొకసారి ముంచింది. ఆర్-12 బదులు ఆర్-134ఏ గ్యాసు మా చేతికొచ్చిన కొత్తలో ఒక మిఠాయి కొట్టు ఫ్రిజ్‌లో, పాత ఆయిల్ మార్చకుండా అదే ఎక్కించేశాను. ఆ గ్యాసు మినరల్ ఆయిల్‌తో కలవదు. ఆయిల్ పైపుల్లోనే ఉండిపోయి, రెండు నెలలకు కంప్రెసర్ పట్టేసింది. ‘ఏటి బావూ, ఢిల్లీ వోళ్లు గేసు మార్సీమంటే నా ఫ్రిజ్జు సంపేత్తావేటి?’ అన్నాడాయన. కొత్త కంప్రెసర్ నా డబ్బులతోనే వేశాను. తర్వాత రెండు రోజుల శిక్షణకు వెళితే ఆయిల్ సంగతీ, గ్యాసును గాల్లోకి వదలకుండా సిలిండర్‌లోకి లాగడమూ నేర్పారు. ఇలాంటి శిక్షణలకు ఆ నిధి డబ్బే వస్తుందట. నాకు కంప్రెసర్ పోయాక అందింది, అంతే.

ఆర్-134ఏ ఓజోన్‌ను ఏమీ చేయదు గానీ, వేడి పెంచడంలో బొగ్గుపులుసు వాయువు కంటే 1,430 రెట్లు ఎక్కువ. శాస్త్రవేత్తలు మళ్లీ చెప్పారు, దేశాలు మళ్లీ కూర్చున్నాయి. 2016లో రువాండాలోని కిగాలిలో ఒప్పందాన్ని సవరించారు. మనం 2021లో ఆమోదించాం. ఇలాంటి గ్యాసుల వాడకాన్ని 2047కల్లా 85 శాతం తగ్గించాలి. అందరికీ ఒకే గడువు పెట్టలేదు. ధనిక దేశాలకు ముందు, మనకు తర్వాత. అదీ బేరమే.

ఇప్పుడొచ్చే చాలా ఇంటి ఫ్రిజ్‌లలో ఆర్-600ఏ ఉంటోంది. సిగరెట్ లైటర్‌లోని వాయువుకు దగ్గరి చుట్టం, అంటుకుంటుంది. మా కుర్రాడు వెనక స్టిక్కర్ మీద గ్యాసు పేరు చదివి, నాకు పైకి వినిపించేదాకా వాడి చేతికి పైపులు అతికే మంట టార్చ్ ఇవ్వను.