పిల్లవాడి చేతికి సంచీ ఇవ్వు

బసవనగుడి, బెంగళూరు

చి.ల.సౌ. అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

నీ కొడుకు పదేళ్లవాడైనా, నువ్వు ఏదైనా కొననంటే "ఫోన్‌తో స్కాన్ చేస్తే చాలు కదా" అంటున్నాడని రాశావు. అది వాడి తప్పు కాదు. మా చిన్నతనంలో నాన్నగారు జీతం తెచ్చి దేవుడి ముందు పెడితే, అమ్మ అందులోంచి పాలకు, బియ్యానికి, అద్దెకు విడివిడిగా తీసి డబ్బాల్లో దాచేది గనుక, నెలాఖరుకు ఆ డబ్బాలు ఖాళీ కావడం మేము కళ్లారా చూసేవాళ్లం. మీ ఇంట్లో డబ్బు రావడమూ పోవడమూ వాడి కంటపడవు.

వారానికొకసారి కూరగాయలు కొనే పని వాడికి అప్పగించు. 300 రూపాయలు నోట్లుగా ఇచ్చి, నువ్వు పక్కనే ఉండి మాట్లాడకుండా నిలబడు. ముందు రైతుల సహకార సంఘం నడిపే హాప్‌కామ్స్ దుకాణంలో ధరలు చదివించి, ఆ తర్వాత తోపుడుబండి దగ్గర అడిగిస్తే పోల్చి చూడడం తానే నేర్చుకుంటాడు. అయితే గంపలో కొత్తిమీర పెట్టుకుని కూర్చున్న ముసలమ్మతో రెండు రూపాయలకు గీచి గీచి బేరమాడడం పొదుపని మాత్రం నేర్పకు. మిగిలిన చిల్లర వాడిదేనని కూడా అనకు. ఆ మాట నేనన్నందుకు మీ అన్నయ్య చవకగా వస్తాయని పుచ్చు వంకాయలు తెచ్చి చిల్లర జేబులో వేసుకున్నాడు.

చేతిఖర్చు కొద్దిగానైనా సరే, ప్రతివారం ఒకే రోజున ఇవ్వు. తిన్న కంచం తీసినందుకు, పక్క సర్దినందుకు కూలి కట్టకు.

అన్నిటికంటే కష్టమైనది, వాడు పోగొట్టుకున్నప్పుడు నువ్వు ఊరుకోవడం. కార్తీకమాసం చివరి సోమవారం ఇక్కడ దొడ్డ బసవన్న గుడి దగ్గర జరిగే కడలెకాయి పరిషెకు, అంటే వేరుశనక్కాయల తిరునాళ్లకు, మీ అన్నయ్యకు కొంత డబ్బిచ్చి తీసుకువెళ్తే, మొదటి అంగడిలోనే అంతా పెట్టి బొమ్మ కొని, అది విరిగాక వేరుశనక్కాయలకు డబ్బు లేదని ఏడ్చాడు. జాలిపడి మరో నోటు ఇచ్చాను. మరుసటి ఏడు, నాన్న ఎలాగూ ఇస్తాడన్న ధీమాతో ఇంకా త్వరగా ఖర్చుపెట్టేశాడు. ఈసారి నేనివ్వలేదు, మీ పెద్దమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో ఏడు మాత్రం వాడు వీధి ఈ చివర నుంచి ఆ చివరకు నడిచి, అన్నీ చూసి, తిరిగి వచ్చేటప్పుడు కొన్నాడు.

కొనడం ఇష్టం లేనప్పుడు "డబ్బు లేదు" అని అబద్ధమాడకు. సాయంత్రం నీకు పార్సిల్ రాగానే వాడికి విషయం తెలిసిపోతుంది. "దీనికి ఈ నెల ఖర్చు పెట్టదలచుకోలేదు" అని చెప్పు. బెస్కాం వాళ్ల కరెంటు బిల్లు వచ్చినప్పుడు కిందటి నెల యూనిట్లతో వాడిచేతే పోల్పించు.

పదేళ్లు నిండిన పిల్లలు తమ పేరున పొదుపు ఖాతా తెరిచి తామే నడుపుకోవడానికి బ్యాంకులు అనుమతించవచ్చని రిజర్వు బ్యాంకు 2025లో చెప్పింది. పోస్టాఫీసులోనైతే 500 రూపాయలతో తెరవవచ్చు. 72ను వడ్డీ శాతంతో భాగిస్తే సొమ్ము రెట్టింపు కావడానికి సుమారుగా ఎన్నేళ్లు పడుతుందో వస్తుంది. ఆరు శాతం చక్రవడ్డీకి ఆ లెక్క వాడినే వేయనిచ్చి, అప్పటికి తన వయసెంతో అడుగు.

వచ్చే శనివారం వాడిని మా ఇంటికి పంపు. గాంధీ బజారుకు నేను తీసుకువెళ్తాను; సంచీ మాత్రం వాడే మోయాలి.

ఇట్లు,
మీ పెదనాన్న