ఉరుము లోపల ఏముంటుంది?

(శబ్దం – బొమ్మ: పాఠకుల ప్రశ్నలకు జవాబులు)

ప్రశ్న: మా తాత ఉరుము అనే డోలు వాయిస్తాడు. ఈ ఏడు జాతరలో ఆయన వాయిస్తుంటే వెనక తెల్లగుడ్డ మీద సినిమా నడవాలని నా కోరిక. చూడ్డానికి సైన్సు డాక్యుమెంటరీలా ఉండాలి, అందులో జీవులు మాత్రం లోకంలో ఎక్కడా లేనివి. ముందే తీసిపెట్టిన వీడియో వద్దు, అప్పటికప్పుడు ఉరుము శబ్దంలోంచే పుట్టాలి. లాప్‌టాప్ ఉంది, ప్రొజెక్టర్ అద్దెకు తెస్తా. కానీ ఎంత చేసినా తెర మీద గీతలు ఎగిరెగిరి పడుతున్నాయి. అచ్చం డీజే లైట్ల మాదిరి ఉంది. ఎక్కడ తప్పుతున్నానో చెప్పండి మేడమ్.
– డిగ్రీ విద్యార్థి, కళ్యాణదుర్గం

జవాబు: నాయనా, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. శబ్దం నుంచి నువ్వు తీసుకుంటున్నది ఒక్కటే: ఎంత గట్టిగా ఉందన్నది. గట్టిగా మోగితే గీత లేస్తుంది, తగ్గితే పడుతుంది. డీజే లైటుకు తెలిసిందీ అంతే. అందుకే రెండూ ఒకేలా కనిపిస్తున్నాయి.

లాప్‌టాప్ మూసేసి ఒక సాయంత్రం తాత పక్కన కూర్చో. ఉరుముకు రెండు ముఖాలు. ఒకవైపు కొడతాడు. రెండోవైపు వంకరపుల్లను తోలు మీద ఒత్తి రాస్తాడు. ఆకాశం ఉరిమినట్టు వచ్చే ఆ మూలుగు ఈ రాపిడిదే. పుల్ల తోలును పట్టుకుంటుంది, జారుతుంది, మళ్లీ పట్టుకుంటుంది. సెకనులో ఎన్నోసార్లు ఇదే జరుగుతుంది. వయొలిన్ తీగ మీద కమాను చేసే పని కూడా ఇదే. దెబ్బ పుట్టీ పుట్టగానే చచ్చిపోతుంది. రాపిడి మాత్రం చెయ్యి కదిలినంతసేపూ బతికే ఉంటుంది. నీ జీవులకు మొదటి నియమం ఇక్కడే దొరికింది: దెబ్బకు పుట్టాలి, రాపిడి మీద బతకాలి. తాత చెయ్యి తీసేస్తే మెల్లగా కరిగిపోవాలి.

రెండో నియమం తోలే ఇస్తుంది. గుండ్రంగా బిగించిన తోలును కొడితే అది చాలా తీరుల్లో ఒకేసారి ఊగుతుంది. అన్నిటికంటే కింది తీరులో తోలంతా ఒక్కటిగా ఉబ్బి దిగుతుంది. అది సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో ఆ వేగాన్ని 1 అనుకుంటే, దాదాపు 1.59 దగ్గర తోలు మధ్యలో అడ్డగీత గీసినట్టు రెండు సగాలై ఊగుతుంది. 2.14 దగ్గర నాలుగు ముక్కలవుతుంది. 2.30 దగ్గర లోపల ఒక వలయం ఏర్పడుతుంది. ఇవి పూర్ణాంకాలు కావు కాబట్టే మామూలు డోలుకు స్పష్టమైన శ్రుతి పలకదు. మృదంగానికి మధ్యలో వేసే నల్లటి ముద్ద ఈ లెక్కలను పూర్ణాంకాల దగ్గరికి లాక్కొస్తుంది. ఈ సంగతిని సి.వి.రామన్, శివకాళి కుమార్ 1920లో నేచర్ పత్రికలో రాశారు. అది మన వాద్యాల గురించి రాసిన గొప్ప శాస్త్రం. ఇరవై ఆరేళ్లు ఫిజిక్స్ చెప్పాను, ఆ పాఠం వచ్చిన ప్రతిసారీ తరగతికి మృదంగం తెప్పించేదాన్ని.

ఇప్పుడు నీ జీవి ఒంటిని తోలు అనుకో. శబ్దంలో కింది స్థాయి ఎక్కువగా ఉంటే ఒళ్లంతా ఉబ్బాలి. 1.59 దగ్గర బలం ఉంటే రెండుగా చీలాలి, 2.14కు నాలుగుగా విడిపోవాలి, 2.30కి లోపల కన్నులాంటి వలయం తెరుచుకోవాలి. జీవి లేనిది, కానీ అది నడిచే నియమం ఉన్నదే. ఊహాశాస్త్రమని నేననేది దీన్నే. ఒకసారి పెట్టుకున్న నియమాన్ని బొమ్మ అందంగా రాలేదని మధ్యలో మార్చకు. జాతరలో మీ ఊరివాళ్లు పది నిమిషాలు చూస్తే, ఎవరూ చెప్పకుండానే, కొడితే పుడుతోంది, రాస్తే బతుకుతోంది అని పసిగట్టాలి. పిల్లలు ముందు పసిగడతారు.

నమ్మకం కుదరకపోతే అన్నం గిన్నె మీద బెలూన్ రబ్బరు బిగించి కట్టు. పైన కాస్త పొడి ఉప్పు చల్లి, పక్కనుంచి నోటితో శ్రుతి పట్టు. స్వరం మారుస్తూ పోతే ఒక్కోచోట ఉప్పు చెదిరి గీతలుగా చేరుతుంది. జర్మనీవాడు ఎర్నెస్ట్ క్లాడ్నీ ఇసుక చల్లిన లోహపు పలకల అంచున వయొలిన్ కమాను లాగి, ఇలాంటి బొమ్మలను 1787లో పుస్తకంగా వేశాడు. పలకలో కదలని చోటుకే ఇసుక చేరుతుంది. శబ్దం తన బొమ్మ తనే గీసుకోవడం చూశాక నీకు తెర మీద ఏం కావాలో తేలిగ్గా తెలుస్తుంది.

ఇక పనిముట్లు. కోడు రాసి బొమ్మలు గీయించే పీ-ఫైవ్ జేఎస్ (p5.js) ఉచితం, బ్రౌజర్‌లోనే నడుస్తుంది. 2001లో కేసీ రియాస్, బెన్ ఫ్రై మొదలుపెట్టిన ప్రాసెసింగ్ అనే ఇలాంటి పనిముట్టుకే అది చెల్లెలు. మైకు శబ్దాన్ని కంప్యూటర్ సాధారణంగా సెకనుకు 44,100సార్లు కొలుస్తుంది. అందులో 1024 కొలతలు ఒక గుత్తిగా తీసుకుంటే 23 మిల్లీసెకన్లు. ఆ గుత్తిని కింది స్వరం నుంచి పై స్వరం దాకా గడులుగా విడదీస్తే, ఒక్కో గడి 43 హెర్ట్జ్‌ల (సెకనుకు అన్ని ఊగుల) వెడల్పు. 4096 తీసుకుంటే గడి 11 హెర్ట్జ్‌లకు సన్నబడుతుంది. స్వరం బాగా తెలుస్తుంది కానీ గుత్తి నిండడానికే 93 మిల్లీసెకన్లు కావాలి. దెబ్బ పడ్డాక జీవి ఆలస్యంగా ఉలిక్కిపడితే కన్ను వెంటనే పట్టేస్తుంది. తంబూరకైతే 4096 పెట్టు. ఉరుముకు రెండు లెక్కలూ పక్కపక్కనే నడిపించు: దెబ్బను పట్టడానికి 1024, చీలికలను చదవడానికి 4096. జీవి వెంటనే పుడుతుంది, ఆకారం క్షణం తర్వాత విచ్చుకుంటుంది. పుట్టేవేవైనా అలాగే కదా. ఇంకొక మాట, పీ-ఫైవ్ శబ్ద లైబ్రరీలో స్మూతింగ్ అనే విలువ ముందే 0.8గా ఉంటుంది, కొత్త కొలతను పాతవాటితో కలిపి నునుపు చేస్తుంది. దెబ్బను మొద్దుబారుస్తుంది. 0.2కు దించు.

నేను మూడు రాత్రులు పోగొట్టుకున్న సంగతొకటి చెబుతా. మొదటిసారి ఉరుముతో చేసినప్పుడు దెబ్బకు బొమ్మ వచ్చేది, రాపిడి మొదలవగానే ఆరిపోయేది. కోడంతా తిరగరాశాను. తీరా చూస్తే బ్రౌజర్ ఆ రాపిడిని ఫ్యాను హోరు లాంటి రొద అనుకుని తుడిచేస్తోంది. మనుషుల మాట కోసం చేసిన ఏర్పాటది. మైకు తెరిచేటప్పుడే నాయిస్ సప్రెషన్ (రొద తుడవడం), ఎకో క్యాన్సలేషన్ (ప్రతిధ్వని తీసేయడం), ఆటో గెయిన్ (శబ్దాన్ని తనే పెంచి తగ్గించడం) మూడూ ఆపేయమని కోడులో రాయాలి. ఉరుములో ప్రాణమంతా ఆ రాపిడిలో ఉంటే, యంత్రం దాన్ని చెత్త కింద లెక్కగట్టిందని ఇప్పటికీ నాకు కష్టంగానే ఉంటుంది.

జాతరలో మైకుసెట్టు హోరు ఉంటుంది కాబట్టి, అదురును కరెంటుగా మార్చే పియెజో బిళ్లను ఉరుము చెక్కకు మెత్తటి టేపుతో అంటించు. చెక్కలో వచ్చే అదురు తప్ప దానికి బయటి గోల పెద్దగా పట్టదు.

సినిమాగా కనపడాలంటే తెరను మైక్రోస్కోపులో చూసినట్టు గుండ్రంగా కత్తిరించు. మూలన కొలబద్ద గీత, నమూనా సంఖ్య పెట్టు. జీవుల పేర్లు నువ్వు కల్పించవద్దు. ఒక్కో దెబ్బకు, ఒక్కో రాపుడుకు తాత పిలిచే పేరు ఉంటుంది. అవే జాతుల పేర్లు. మాటలు టైపు చేస్తే వీడియో ఇచ్చే ఏఐలు ఇప్పుడున్నాయి, కానీ వాటికి మీ తాత చెయ్యి తెలియదు. వాటి జోలికి పోకు.

ముఖ్యమైంది చివర గుర్తొచ్చింది. తెర తాత వెనక వద్దు. ఆయనకు కనపడేలా పక్కన కట్టు. తన చెయ్యి కింద ఏం పుడుతోందో చూస్తే ఆయన వాయింపు మారుతుంది, దాంతో జీవులూ మారతాయి. జాతర అయ్యాక ఆయన ఏమన్నాడో తప్పకుండా రాయి.

ప్రశ్న: కంప్యూటర్ గీసిన బొమ్మను కళ అనడానికి నాకు మనసొప్పదు. చెయ్యి ఎక్కడుంది ఇందులో?
– డ్రాయింగ్ మాస్టారు, కడప

జవాబు: మాస్టారూ, మీ బాధ నాకు తెలుసు. మా నాయన ధర్మవరంలో మగ్గం నేసేవాడు. చీర అంచులో హంస రావాలంటే ముందు గ్రాఫు కాగితం మీద గడి గడి నింపాలి. దాన్నిబట్టి జాకార్డు అట్టలకు చిల్లులు కొట్టాలి. చిల్లు ఉన్నచోట పడుగుపోగు లేస్తుంది, లేనిచోట లేవదు. 1804 ప్రాంతంలో ఫ్రాన్సులో జోసెఫ్ మారీ జాకార్డ్ తెచ్చిన పద్ధతి ఇది. హంసను మగ్గమే నేసింది, నిజమే. కానీ ఆ హంస మెడ వంపు ఎవరిదో మా వీధిలో అందరికీ తెలుసు. ఒక అట్ట చిరిగినా, తారుమారైనా నాయన చూడకముందే చెవితో పట్టేవాడు. "శబ్దం తప్పింది" అని మగ్గం ఆపేవాడు. నేను శబ్దానికీ బొమ్మకూ ముడి ఉందని నేర్చుకున్నది కాలేజీలో కాదు, ఆ గుంతమగ్గం పక్కన.

మీకు కంప్యూటర్ అక్కర్లేదు కూడా. హంగరీలో పుట్టి పారిస్‌లో స్థిరపడిన చిత్రకారిణి వేరా మోల్నార్ 1968లో కంప్యూటర్ ముట్టుకోకముందే, 1959 నుంచి 'ఊహా యంత్రం' అని పేరుపెట్టుకుని, కొన్ని నియమాలు రాసుకుని వాటి ప్రకారమే చేత్తో గీసేది. మీ తరగతిలో అదే చేయించండి. ఒక పిల్లవాడు బల్ల మీద తాళం వేయాలి. గట్టి దెబ్బకు కుడికి మలుపు, మెత్తని దెబ్బకు ఎడమకు, నిశ్శబ్దానికి ఒక చుక్క. నలభైమంది ఒకే తాళానికి గీసినా నలభై కాగితాలు ఒకేలా రావు. చెయ్యి ఎక్కడుందని అడిగారు కదా, ఆ కాగితాలు గోడకు అంటించి చూడండి.

ప్రశ్న: బెలుం గుహల్లో కొడితే స్వరాల్లా మోగే సప్తస్వరాల రాళ్లను వాయించి రికార్డు చేసి సినిమా చేయాలని ఉంది. సలహా ఇవ్వండి.
– తాడిపత్రి

జవాబు: రాళ్లను ముట్టుకోవద్దు. చుక్క చుక్కగా వేల ఏళ్లకు పెరిగిన సున్నపురాయి అది. విరిగితే మన తరాల్లో తిరిగి రాదు. అనుమతి తీసుకుని, గుహలోపలి పాతాళగంగ దగ్గర నీటి శబ్దం, నడవల్లో మీ అడుగుల చప్పుడు ఎంతసేపు మోగి ఆరిపోతుందో అది రికార్డు చేయండి. మూడు కిలోమీటర్లకు పైగా ఉన్న గుహ అది. ఒక్కో గదిలో ఒక్కో తీరు మోత. ఆ మోత నిడివినే మీ ఊహాలోకపు కొలతగా తీసుకుంటే చాలు.

ప్రశ్న: మాది తోలుబొమ్మల ఇల్లు. హనుమంతుడు సముద్రం దాటే ఘట్టంలో మద్దెల శబ్దానికి సముద్రం కదిలేలా తెర మీద వేయొచ్చా అమ్మా?
– ఇంటర్ విద్యార్థిని, నిమ్మలకుంట

జవాబు: వేయొచ్చు తల్లీ, కానీ దీపాన్ని తీసేయకు. మీ బొమ్మల్లో రంగులు పలికేది వెనక వెలుతురు తోలులోంచి దాటి వస్తుంది గనకే. ప్రొజెక్టర్‌ను వెనక పెడితే ఆడించేవాళ్ల నీడలు పడతాయి, సముద్రం హనుమంతుడి ఒంటి మీదికీ ఎక్కుతుంది. ముందునుంచి, చూసేవాళ్ల తలల మీదుగా వెయ్యి. తెర కింది మూడోవంతులోనే, ఒకే నీలం రంగులో, మసగ్గా. పైభాగమంతా బొమ్మకు, దీపానికి వదిలెయ్.

మద్దెలకంటే ముందు, మీవాళ్లు కాలితో తొక్కే చెక్కలు ఉంటాయి కదా, వాటికి పియెజో బిళ్ల అంటించి చూడు. అడుగు పడినప్పుడే అల లేవాలి. 2020 సంవత్సరానికి పద్మశ్రీ పొందిన దళవాయి చలపతిరావు గారిది మీ ఊరే. అంతటి పెద్దలున్న ఊళ్లో ముందు వాళ్లకు చూపించకుండా ప్రదర్శనలో పెట్టకు. బొమ్మ మీద నుంచి చూపు సముద్రం మీదికి పోతోందని వాళ్లు ఒక్కమాట అన్నా, నీలాన్ని ఇంకా తగ్గించు.