పాప తినడం లేదని రాశావు

చి.సౌ. సుజాతకు, పెద్దమ్మ ఆశీస్సులు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి పెద్దమ్మగా చదివితే కళ్లలో నీళ్లు తిరిగాయి. రెండోసారి, ముప్పై ఏళ్లు పిల్లల వార్డులో స్పీచ్ థెరపిస్టుగా పనిచేసినదానిగా చదివితే కోపం వచ్చింది. మీ అత్తగారు పాప ముక్కు మూసి, నోరు తెరిపించి ఉగ్గు పోశారని రాశావు చూడు, అక్కడ. ఆవిడ ప్రేమతోనే చేశారని నాకు తెలుసు. అయినా ఇవాళ్టి నుంచి ఆ పని మానిపించు. ముద్ద పొరపోయి ఊపిరితిత్తుల్లోకి వెళ్లే ప్రమాదం ఉంది.

ఇంట్లో అందరూ ‘మొండిది’ అంటున్నారట. పాప 30 వారాలకే పుట్టింది. చీకడం, మింగడం, ఊపిరి తీయడం ఒకదానితో ఒకటి కుదురుకునేది సుమారు 34వ వారానికి. అందుకే మొదట్లో గొట్టంతో పాలు పట్టారు. ఆ రోజుల్లో దాని మూతి దగ్గరికి వచ్చినవి ఏమిటి? గొట్టం, దాన్ని అతికించిన ప్లాస్టరు, కఫం లాగే యంత్రం. ఇప్పుడు చెంచా కనబడగానే పెదవులు బిగించే పిల్లను మొండిదంటే నేను ఒప్పుకోను. వయసు లెక్క కూడా సరిచేసుకో. ముందు పుట్టిన పది వారాలు తీసేస్తే దానికి ఇంకా ఇరవై నెలలు నిండలేదు. ఎదురింటి పిల్లతో పోల్చకు.

ఇక అసలు విషయం. ఉద్యోగంలో చేరిన కొత్తలో రెండేళ్ల బాబు ఒకడు నా దగ్గరికి వచ్చేవాడు. నాలుగు నెలలు వాడి నోటితో కుస్తీ పట్టాను. పెదవులకు, నాలుకకు, దవడకు నేర్చిన విద్యంతా ప్రయోగించాను. రెండు చెంచాలు దాటలేదు. ఒకరోజు వాళ్ల అమ్మమ్మ మాటల్లో మాటగా, “వీడికి ఐదారు రోజులకోసారి గానీ విరేచనం కాదమ్మా” అంది. పిల్లల డాక్టరుకు చూపించాం. మలబద్ధకానికి మందు పడ్డాక, నెల తిరగకముందే వాడు అన్నం అడిగి తిన్నాడు. నాలుగు నెలల్లో ఒక్కసారైనా పొట్ట సంగతి నేను అడగలేదు! ఆ తర్వాత తిండి సమస్యతో వచ్చిన ఏ బిడ్డనూ వేరే శాఖల వాళ్లను కలుపుకోకుండా నేనొక్కదాన్నే చూడలేదు.

2019లో వేర్వేరు శాఖల నిపుణులు కలిసి దీనికి ‘పీడియాట్రిక్ ఫీడింగ్ డిజార్డర్’ అని నిర్వచనం రాశారు. ఒంట్లో జబ్బు, పోషణ, తినే నేర్పు, మనసు–ఇల్లు, ఈ నాలుగు వైపుల నుంచీ చూడమన్నారు. కాగితం మీదికి ఆలస్యంగా వచ్చింది గానీ, వార్డులో మాకు ఎప్పుడో తెలిసిన సంగతే.

ముందు పిల్లల డాక్టరు దగ్గరికే వెళ్లు. ఆకలి లేదని టానిక్ రాయించుకుని వచ్చేయకు. పుట్టినప్పటి నుంచి ఉన్న బరువులన్నీ గ్రాఫు మీద గీయించు. రక్తహీనత, మలబద్ధకం, కడుపులోంచి పైకి తన్నుకురావడం, ఇవి ఉన్నాయేమో అడుగు. మంచినీళ్లు తాగుతున్నప్పుడు దగ్గుతుందా, తాగాక గొంతు గురగురలాడుతుందా, నిమ్ము మళ్లీ మళ్లీ వచ్చిందా? వీటిలో ఏది ఉన్నా మొదటి మాటగా అదే చెప్పు. అవసరమైతే బేరియం కలిపిన ఆహారం మింగిస్తూ వీడియో ఎక్స్‌రే తీస్తారు. ఆ సంగతి తేలేదాకా కొత్త తిండి ప్రయోగాలు వద్దు.

తర్వాత స్పీచ్ థెరపిస్టు నమలడం, మింగడం చూస్తారు. ఆక్యుపేషనల్ థెరపిస్టు కూర్చునే తీరు, తాకితే ఉలిక్కిపడే స్వభావం చూస్తారు. డైటీషియన్ మొదట పాల లెక్క అడుగుతారు. రోజుకు ఐదు సీసాలని రాశావు, ఇక ఆకలి ఎక్కడి నుంచి వస్తుంది? అయితే నీ అంతట నువ్వు సీసాలు తెగ్గోయకు, బరువు చూసి వాళ్లే తగ్గిస్తారు. సైకాలజిస్టు అనగానే మీ ఇంట్లో గొడవ అవుతుంది. ఆ సాయం పాపకంటే ముందు నీకు కావాలి.

వీళ్లందరూ ఒకే కప్పు కింద దొరకడం మన ఊళ్లలో కష్టం. మీ జిల్లా ఆసుపత్రిలో డీఈఐసీ, అంటే పిల్లల ఎదుగుదల సమస్యలను చిన్నప్పుడే పట్టి సాయం చేసే జిల్లా కేంద్రం, ఉందేమో కనుక్కో. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పెట్టిన కేంద్రాలవి, డబ్బు తీసుకోరు. అక్కడ కూడా అన్ని ఉద్యోగాలూ భర్తీ అయి ఉంటాయని ఆశపెట్టుకోకు. అందుకే ఒక రెండు వందల పేజీల నోటుపుస్తకం కొను. మూడు రోజులపాటు ఎప్పుడు, ఏమి, ఎంత తిన్నదీ రాయి, విరేచనం సంగతి కూడా. ఒక పూట తిండి మొత్తం ఫోనులో వీడియో తీయి. ఎవరి దగ్గరికి వెళ్లినా వారి మాట అదే పుస్తకంలో రాయించు. ఒకరు నెయ్యి కలిపి నాలుగు ముద్దలు ఎక్కువ పెట్టమంటారు, ఇంకొకరు బలవంతం చేయవద్దంటారు. అప్పుడు నీకు తోచింది చేయకు. పుస్తకం తెరిచి, “ఆవిడ ఇలా రాశారు, మీరు ఒకసారి ఫోనులో మాట్లాడతారా?” అని అడుగు. మొహమాటపడకు. విసుక్కునేవాళ్లు ఉంటారు, మాట్లాడేవాళ్లూ ఉంటారు.

ఇంట్లో ఈలోగా చేయదగినవి కొన్నే. పాపను నిటారుగా కూర్చోబెట్టి, కాళ్లు వేలాడకుండా కింద పీట వేయి. పాదాలు ఆనితే దవడకు పట్టు దొరుకుతుంది. అరగంట దాటితే గిన్నె తీసేయి, తిట్టకుండా. ఫోను చూపిస్తూ తినిపించకూడదని అందరూ అంటారు, నేనూ అంటాను. కానీ ఒక్కరోజులో లాగేయకు, ఉన్న రెండు ముద్దలూ పోతాయి. పెరుగన్నంలో చేతులు పెట్టి పూసుకుంటే పూసుకోనీ. మెత్తని మిక్సీ ముద్ద తర్వాత చారన్నం తేలిక అనుకుంటాం. నీళ్లొకటి, మెతుకొకటి, రెండింటినీ ఒకేసారి సంభాళించడం ఇలాంటి పిల్లలకు మహా కష్టం. నీళ్ల దగ్గర దగ్గు లేదని తేలాక ముద్దను కొంచెం కొంచెంగా గట్టిపరుస్తూ వేళ్లతో మెదిపిన ఇడ్లీ దాకా రా. పది పదిహేనుసార్లు కంటబడితే గానీ కొత్త పదార్థాన్ని కొందరు పిల్లలు నోట పెట్టరు. మూడోసారికే ‘నచ్చలేదు’ అని తీర్మానించకు.

బరువుల గ్రాఫు ఫొటో తీసి పంపు, నీళ్లు తాగే వీడియో కూడా. ఇంకో మాట. పాపకు పెట్టేటప్పుడు నీ కంచం కూడా వడ్డించుకుని ఎదురుగా కూర్చుని తిను. నిలబడి తింటున్నావని మీ అమ్మ చెప్పింది.

ఆశీస్సులతో,
పెద్దమ్మ