చెక్ డ్యామ్, బ్యాంకు చెక్కు, చెక్స్ చొక్కా: అన్నిటికీ మూలం ఒక్క రాజే

"‘ఒకసారి చెక్ చేసి చెప్పు’ అంటాం, బ్యాంకులో చెక్కు ఇస్తాం, చెక్స్ చొక్కా వేసుకుంటాం, వాగు మీద చెక్ డ్యామ్ కడతాం. ఇదంతా ఒకే ఇంగ్లిష్ మాటా, లేక వేర్వేరు మాటలు ఒకేలా వినిపిస్తున్నాయా?" అని అడిగారు.

ఒకటే మాటండీ. దాని పుట్టిల్లు చదరంగం బల్ల. నేను బ్యాంకు ఉద్యోగిని, ఈ మాట రోజంతా నోట్లో నలుగుతూనే ఉంటుంది. అందుకే దీని వెంటపడి చదివాను.

మన చతురంగం పర్షియా వెళ్ళి చత్రంగ్ అయింది, అరబ్బుల దగ్గర షత్రంజ్ అయింది. పారశీకంలో రాజు అంటే షా. ఎదుటివాడి రాజు మీదికి ఎత్తు వేసినప్పుడు "షా!" అని హెచ్చరించేవారు. ఆ కేకే అరబ్బుల మీదుగా యూరప్ చేరి, లాటిన్‌లో, పాత ఫ్రెంచిలో రూపం మార్చుకుంటూ ఇంగ్లిష్‌లో చెక్ అయింది. పాత ఫ్రెంచిలో ఆ మాటకున్న బహువచనమే చెస్. చెక్‌మేట్ అనేది షా మాత్. ‘రాజు చచ్చాడు’ అని చాలామంది అర్థం చెబుతారు కానీ, పారశీకంలో మాత్ అంటే దిక్కుతోచక నిలబడిపోవడం. ఆటలో రాజును చంపరు కదా, కదలనివ్వకుండా చేస్తారంతే. మన ‘ఆటకట్టు’ దానికి చాలా దగ్గర.

ఇక అర్థాలు ఎలా విస్తరించాయో చూడండి. చెక్ చెప్పారంటే అవతలివాడు వేయాలనుకున్న ఎత్తులన్నీ పక్కనపెట్టి ముందు రాజును కాపాడుకోవాలి. దూకుడు అక్కడికి ఆగిపోతుంది. అలా చెక్ అంటే ఆపడం, అదుపు చేయడం అనే అర్థం వచ్చింది. చెక్ డ్యామ్‌లో ఉన్నది ఈ చెక్కే. మాది అనంతపురం జిల్లా, ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన కూడా గగనం. మా ఊరి వాగుకు అడ్డంగా ఛాతీ ఎత్తు సిమెంటు గోడ ఉంది. వాన పడితే నీళ్ళు గోడ వెనక కాసేపు నిలబడి, నిండాక పైనుంచి దూకి పోతాయి. ఆ కాసేపట్లోనే ఒండ్రు అడుక్కి దిగుతుంది, నీరు నేలలోకి ఇంకుతుంది, చుట్టుపక్కల బోర్లకు ఊపిరి వస్తుంది. మా అన్నయ్య కొడుకు దాని మీద నడుస్తూ "దీన్ని ఎవరు చెక్ చేస్తారు బాబాయ్?" అని అడిగాడు. ఎవరూ చెయ్యరు నాన్నా, అదే వాగుకు చెక్ చెబుతుంది అన్నాను. ‘దళారులకు చెక్’, ‘షుగర్‌కు చెక్’ అని మన పేపర్లు పెట్టే శీర్షికల్లోనూ ఈ పాత అర్థమే ఉంది. వాటిని తప్పు ఇంగ్లిష్ అనేవాళ్ళతో నేను ఒప్పుకోను.

అదుపు చేయాలంటే సరిచూడాలి. తనిఖీ అనే అర్థం ఆ దారిలో వచ్చింది. చెక్‌పోస్టు దగ్గర రెండూ కలుస్తాయి: బండిని ఆపుతారు, కాగితాలు చూస్తారు.

బ్యాంకు చెక్కు కథ నాకు మరీ ఇష్టం. 18వ శతాబ్దపు ఇంగ్లండ్‌లో మొదట చెక్ అన్నది డబ్బిచ్చే కాగితాన్ని కాదు, మోసాలు జరగకుండా దానికి జతగా దాచుకునే ముక్కను. తర్వాత ఆ పేరు అసలు కాగితానికే వచ్చేసింది. ఇప్పటి చెక్కు పుస్తకంలో తేదీ, ఎవరికి, ఎంత అని రాసుకోవడానికి గళ్ళున్న పేజీ ఒకటి ఉంటుంది. మా బ్రాంచికి వచ్చేవాళ్ళలో చాలామంది దాన్ని ఖాళీగా వదిలేస్తారు. దయచేసి నింపండి. రేపు ఏదైనా తేడా వస్తే ముందు అడిగేది ఆ వివరాలే. స్పెల్లింగు చివర క్యూ, యు, ఇ అక్షరాలు రాయడం బ్రిటిష్ అలవాటు, మనమూ అదే రాస్తాం. అమెరికా వాళ్ళు సి, కె తోనే సరిపెడతారు. అక్కడ హోటల్లో బిల్లును కూడా చెక్ అనే అంటారు.

ఆ క్యూ ఎక్స్‌చెకర్ అనే మాట ప్రభావంతో వచ్చింది. ఎక్స్‌చెకర్ అంటే ఇంగ్లండ్ రాజుల ఖజానా, ఆ మాటకు అసలు అర్థం చదరంగం బల్ల. 12వ శతాబ్దంలో ఇంగ్లండ్ షెరీఫులు, అంటే రాజు తరఫున జిల్లాలు చూసే అధికారులు, ఏడాదికి రెండుసార్లు, ఈస్టర్‌కు, సెప్టెంబరు చివర మైకేల్మస్ పండగకు వచ్చి, వసూలు చేసిన సొమ్ముకు లెక్క అప్పజెప్పాలి. పది అడుగుల పొడవు, ఐదు అడుగుల వెడల్పున్న బల్ల. పైనున్నవి జారిపడకుండా చుట్టూ నాలుగు వేళ్ళ ఎత్తు అంచు. దాని మీద గళ్ళు గీసిన నల్లగుడ్డ. పెన్నీలకు ఒక వరుస, షిల్లింగులకు ఒకటి, పౌండ్లకు ఒకటి, అలా వేల దాకా. రోమన్ అంకెలతో కూడికలు, తీసివేతలు నరకం కాబట్టి గళ్ళలో బిళ్ళలు పేర్చేవారు. రావాల్సింది ఒక వరుసలో, కట్టింది దాని కింద. చదువురాని షెరీఫుకైనా బాకీ ఎంతో కళ్ళెదుటే కనబడుతుంది. అక్కడ కోశాధికారిగా పనిచేసిన రిచర్డ్ ఫిట్జ్‌నీల్ 1170ల చివర రాసిన పుస్తకంలో ఈ కొలతలన్నీ ఉన్నాయి. చదరంగంలో రాజులు తలపడినట్టు ఇక్కడ కోశాధికారి, షెరీఫు తలపడతారని కూడా రాశాడాయన. లెక్క తేలేదాకా కౌంటరు వదలని మా క్యాషియర్లను చూసినప్పుడు నాకు ఆ బల్లే గుర్తొస్తుంది. బ్రిటన్ ఆర్థిక మంత్రి పదవి పేరు నేటికీ చాన్సలర్ ఆఫ్ ది ఎక్స్‌చెకరే.

మీ చెక్స్ చొక్కా కూడా ఈ కొమ్మదే. బల్ల మీది గళ్ళు బట్ట మీదికి వచ్చాయి. చీరాల మగ్గాల మీద నేసి ఒకప్పుడు పశ్చిమ ఆఫ్రికాకు పంపిన రుమాళ్ళను ఇంగ్లిష్ వాళ్ళు వర్ణించినా ఈ మాటే వాడాలి.

అయితే ‘చెక్కు చెదరలేదు’, ‘బీరకాయ చెక్కు తీయి’ అనేవాటిలోని చెక్కు అచ్చంగా మనది, దీనితో చుట్టరికం లేదు. ప్రాగ్ నగరమున్న చెక్ దేశం పేరూ అంతే. అది అక్కడి స్లావ్ జాతి పేరు.