ఈసీఈ చదివే అమ్మాయి క్వాంటమ్ నాయిస్ వైపు వెళ్లొచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి గుంటూరులో ఈసీఈ థర్డ్ ఇయర్. సూపర్‌కండక్టింగ్ (బాగా చల్లబరిస్తే కరెంటుకు నిరోధం లేని) సర్క్యూట్లలో క్వాంటమ్ నాయిస్ కొలిచే రీసెర్చ్ చేస్తానంటోంది. ప్లేస్‌మెంట్లు దగ్గరపడుతున్నాయి. ఇప్పుడు ఫిజిక్స్‌కు మారితే చదివిందంతా వృథా కాదా? అమరావతిలో క్వాంటమ్ వ్యాలీ వస్తోంది కదా, ఏదైనా సర్టిఫికెట్ కోర్సు సరిపోదా? - ఒక తండ్రి, తెనాలి

జవాబు: చదివింది వృథా అవుతుందన్న టెన్షన్ ముందు పక్కన పెట్టండి. అలాంటి ల్యాబ్‌లో రోజూ వాడేవి నెట్‌వర్క్ అనలైజర్, స్పెక్ట్రమ్ అనలైజర్, అటెన్యుయేటర్లు, కోయాక్సియల్ కేబుళ్లు. మైక్రోవేవ్ ఇంజనీరింగ్ పేపర్లో పరీక్ష కోసం బట్టీ పట్టి వదిలేసేవన్నీ అక్కడ అసలు పనిముట్లు.

మీ అమ్మాయి అడుగుతున్నదేమిటో మీకూ తెలియాలి. ఏ రెసిస్టర్‌లోనైనా వేడి వల్ల కొంత నాయిస్, అంటే కరెంటులో అడ్డదిడ్డమైన అలజడి, ఉంటుంది. చల్లబరిచేకొద్దీ తగ్గుతుంది. పాత లెక్క ప్రకారం పరమశూన్య ఉష్ణోగ్రత (సుమారు మైనస్ 273 డిగ్రీల సెల్సియస్) దగ్గర అది పూర్తిగా పోవాలి. పోదు. ప్రతి ఫ్రీక్వెన్సీ దగ్గరా అర ఫోటాన్ (ఫోటాన్ అంటే ఆ ఫ్రీక్వెన్సీ తరంగంలో అతి చిన్న శక్తి ముద్ద) శక్తికి సమానమైన అలజడి మిగిలే ఉంటుంది. ఇదే క్వాంటమ్ నాయిస్. 1981లో అమెరికాలోని బర్కిలీలో కోచ్, వాన్ హార్లింగెన్, జాన్ క్లార్క్ ఒక జోసెఫ్సన్ జంక్షన్‌కు (రెండు సూపర్‌కండక్టర్ల మధ్య పలుచని అడ్డుపొర ఉండే భాగం) రెసిస్టర్ జతచేసి దీన్ని కొలిచి చూపించారు. తర్వాత అదే క్లార్క్, డెవొరే, మార్టినిస్‌లతో కలిసి 1984-85లో సూపర్‌కండక్టింగ్ సర్క్యూట్లపై చేసిన ప్రయోగాలకు 2025 ఫిజిక్స్ నోబెల్ వచ్చింది. అప్పటికి మార్టినిస్ పీహెచ్‌డీ విద్యార్థి.

పని మాత్రం తేలిక కాదు. 5 గిగాహెర్ట్జ్ దగ్గర ఒక ఫోటాన్ శక్తి ఉష్ణోగ్రత లెక్కలో సుమారు 0.24 కెల్విన్ (పరమశూన్యం నుంచి లెక్కించే డిగ్రీలు). అంతకన్నా బాగా చల్లగా, 20 మిల్లీకెల్విన్ (0.02 కెల్విన్) దాకా తీసుకెళ్తే తప్ప వేడి నాయిస్ అడ్డు తొలగదు. అప్పుడు కూడా సిగ్నల్ ఎంత చిన్నదంటే, దాన్ని పెంచే యాంప్లిఫయర్ సొంత నాయిస్‌లోనే అది మునిగిపోతుంది. అందుకే ముందు సొంత నాయిస్ చాలా తక్కువగా ఉండే జోసెఫ్సన్ పారామెట్రిక్ యాంప్లిఫయర్, తర్వాత 4 కెల్విన్ దగ్గర మరొకటి పెడతారు. చివరికి వచ్చిన రీడింగ్‌లో ఎంత సర్క్యూట్‌దో, ఎంత యాంప్లిఫయర్లదో విడదీయాలి. ఒక్క కనెక్టర్ వదులైనా సర్క్యూట్‌ను చల్లబరిచే ఫ్రిజ్‌ను మళ్లీ గది ఉష్ణోగ్రతకు తెచ్చి, విప్పి, బిగించి, మళ్లీ చల్లబరచాల్సిందే. కొన్ని రోజులు పోతాయి. ఈ ఓపిక ఉందా అన్నదే మీ అమ్మాయిని అడగాల్సిన ప్రశ్న. నోబెల్ వార్త చూసి వచ్చిన ఉత్సాహం ఇక్కడ ఎక్కువ కాలం నిలవదు.

ఇక అమరావతి. అక్కడ ఐబీఎం క్వాంటమ్ కంప్యూటర్ పెడతామని 2025లో ప్రకటించారు. మెషిన్ వచ్చాక దానిపై ప్రోగ్రాములు రాయడం ఒక ఉద్యోగం, లోపలి సర్క్యూట్‌ను కొలవడం వేరే ఉద్యోగం. సర్టిఫికెట్ కోర్సులు చాలావరకు నేర్పేది మొదటిది. మీ అమ్మాయి అడుగుతున్నది రెండోది. కాబట్టి ఆ కోర్సులకు వేలకు వేలు ఫీజు కట్టకండి.

దారి ఏమిటంటే, ముంబై టీఐఎఫ్ఆర్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్), బెంగళూరు ఐఐఎస్‌సీ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్)లలో సూపర్‌కండక్టింగ్ సర్క్యూట్లపై పనిచేసే గ్రూపులున్నాయి. అక్కడ పీహెచ్‌డీకి బీటెక్ వాళ్లు కూడా అప్లై చేసుకోవచ్చు. కానీ ఎంట్రన్స్‌లో ఫిజిక్స్ అడుగుతారు. క్వాంటమ్ మెకానిక్స్, స్టాటిస్టికల్ ఫిజిక్స్ సొంతంగా చదువుకోవాలి. ఒక ఏడాది కష్టమే. ఈలోగా సైన్స్ అకాడమీల సమ్మర్ ఫెలోషిప్‌కు అప్లై చేయమనండి. రెండు నెలలు ల్యాబ్‌లో ఉంటే ఆసక్తి నిజమో కాదో తనకే తెలుస్తుంది.

డబ్బు సంగతి దాచను. పీహెచ్‌డీ చేసేవాళ్లకు మొదట్లో ఇచ్చే జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) నెలకు 37,000 రూపాయలు, పైగా హెచ్ఆర్ఏ (ఇంటి అద్దె భత్యం). పీహెచ్‌డీకి అయిదారేళ్లు పడుతుంది. ఆ లోపు క్లాస్‌మేట్లు సాఫ్ట్‌వేర్‌లో ఫ్లాట్ కొనేసి ఉంటారు, మీ బంధువులు ఆ మాట మీకు గుర్తుచేస్తూనే ఉంటారు. దేశంలో ఈ హార్డ్‌వేర్ ఉద్యోగాలు ఇప్పటికి తక్కువ. 2023లో కేంద్రం సుమారు 6,003 కోట్లతో నేషనల్ క్వాంటమ్ మిషన్‌కు ఆమోదం తెలిపింది కాబట్టి పెరుగుతాయని నా అంచనా. పెరగకపోయినా, తక్కువ నాయిస్‌తో మైక్రోవేవ్ కొలతలు చేయగలిగిన మనిషికి రాడార్, శాటిలైట్ రంగాల్లో కూడా పని ఉంటుంది.

ప్లేస్‌మెంట్లకు కూడా కూర్చోమనండి. ఆఫర్ చేతిలో ఉంటే ఎంట్రన్స్ ప్రశాంతంగా రాస్తుంది.